అలంకారం – ఆవాసం: దౌల్తాబాద్, తాండూరు ప్రాంత గృహాలంకరణలో రంగు, శైలి, సృజన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంటిని రంగుతో, రేఖతో, వస్తువుల అమరికతో తీర్చిదిద్దుకోవడం తెలుగు జీవితంలో నిత్యకృత్యం. జానపద విజ్ఞాన పరిశోధనలో దీన్ని ఆచారంగానో, పండుగ సంబరంలో భాగంగానో వర్ణించడం ఎక్కువ. కర్తృత్వం, శైలి, ఔచిత్యం కలిగిన కళారూపంగా విమర్శించడం తక్కువ. వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్, తాండూరు ప్రాంతాల గృహాలంకరణను ఆధారంగా చేసుకొని, భారతీయ అలంకారశాస్త్ర పరిభాష ఈ కళను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ చాలదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేల, గోడ, గడప అనే మూడు తలాల మీద రంగు ఎలా పనిచేస్తుందో, సామెతలు ఈ శ్రమను ఎలా విలువ కట్టాయో, ఎనామిల్ రంగులు, టైల్స్ వచ్చిన తరువాత వైయక్తిక శైలి ఏమైందో చర్చించడం దీని ఉద్దేశ్యం.

కీలకపదాలు: గృహాలంకరణ, తాండూరు బండ, జాజు, సున్నం, ముగ్గు, ఔచిత్యం, వైయక్తిక శైలి, స్త్రీల శ్రమ.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య విమర్శలో ‘అలంకారం’ అనే మాట వినగానే ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష గుర్తుకు వస్తాయి. ఆ మాట కావ్యంలోకి రాకముందే దేహానికీ ఇంటికీ చెందినది. హారం, గాజు, తోరణం, ముగ్గు అన్నీ అలంకారాలే. లోకవ్యవహారం నుంచి శాస్త్రం ఈ మాటను తీసుకుంది. తీసుకున్న తరువాత లోకం వైపు తిరిగి చూడటం మాత్రం తగ్గింది. కవి శబ్దాన్ని అలంకరిస్తే అది ప్రతిభ అయింది. స్త్రీ గడపను అలంకరిస్తే అది అలవాటు అయింది.

తెలుగువారి ఇంటిని చరిత్రకు ఆధారంగా చూపినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యులు. 1949లో వెలువడి, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి తిండిని, బట్టను, ఆటను, ఇంటిని చరిత్రలోకి తెచ్చింది. ఆ గ్రంథం తెరిచిన దారి సమాచార సేకరణకు ఎంతో ఉపకరించింది. సేకరించిన సమాచారాన్ని కళగా తూచి చూడటం దానికి తరువాతి మెట్టు. ఈ వ్యాసం ఆ మెట్టు మీద నిలిచి ఒక చిన్న ప్రాంతాన్ని పరిశీలిస్తుంది.

2. ప్రాంతం – నేల ఇచ్చిన రంగులు:

దేవగిరి దుర్గానికి ఉన్న పేరే ఈ దౌల్తాబాద్‌కూ ఉన్నా, రెండింటికీ సంబంధం లేదు. ఇది కొడంగల్ సమీపంలోని మండల కేంద్రం. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో చేరింది. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 రాష్ట్రాల పునర్విభజన వరకు హైదరాబాద్ రాజ్యంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే సంతలో వినిపించే నేల ఇది. ఇంటి అలంకరణకు సంబంధించిన పదజాలంలోనూ ఈ మూడు భాషల రాకపోకలు సహజం.

ఈ ప్రాంతపు ఇంటికి తొలి రంగునిచ్చేది బండ. భీమా పరీవాహకంలోని అవక్షేప శిలల్లో పొరలు పొరలుగా దొరికే సున్నపురాయిని తాండూరు బండ, షాబాద్ బండ అని పిలుస్తారు. పొరలుగా విడిపోయే గుణం వల్ల దీన్ని పలకలుగా తీయడం సులభం. నీలి బూడిదరంగు, పసుపు ఛాయ దీని ప్రధాన వర్ణాలు. నేలకు పరిచేది, గోడలో అరగా దూర్చేది, పైన కప్పుగా వేసేది, దొడ్డి చుట్టూ కంచెగా నిలబెట్టేది కూడా ఈ బండనే. మరో చోట కర్ర, మట్టి, పెంకు చేసే పనులన్నీ ఇక్కడ రాయి చేస్తుంది.

రెండవ రంగు తెలుపు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటిలో విరగబోసి, గోడకు పూస్తారు. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడి తిరిగి సున్నపురాయి స్వభావాన్నే పొందుతుంది. కాబట్టి కాళ్ళ కింది నీలిబండ, కంటి ముందరి తెల్లగోడ రసాయనికంగా ఒకే జాతికి చెందినవి. ఆ తెలుపులో చిటికెడు నీలిమందు కలిపి చల్లదనాన్ని తెచ్చుకోవడం ఇల్లాళ్ళకు తెలిసిన కిటుకు.

మూడవది ఎరుపు. అనంతగిరి గుట్టలు, వికారాబాద్ పీఠభూమి ఎర్రమట్టికి, లాటరైటు రాతికి నెలవు. కావ్యభాషలో జేగురు అనీ, తెలంగాణ వాడుకలో జాజు అనీ పిలిచే ఈ ఎర్రమన్నును నీటిలో కలిపి గోడ అడుగుభాగాన అంచుగా, అరుగు చుట్టూ, గడప పక్కన పూస్తారు. దాని మీద తెల్లని సుద్దతో గీతలు, చుక్కలు దిద్దుతారు. వానచినుకులు మట్టిని ఎగజిమ్మే ఎత్తు వరకే జాజు అంచు ఉండటం గమనార్హం. మరక పడే చోట మరకను తనలో కలుపుకునే రంగును ఎంచుకోవడం ఇందులోని వివేకం.

నీలం, తెలుపు, ఎరుపు అనే ఈ మూడు వర్ణాలూ అంగట్లో ఎంచుకున్నవి కావు. నేల ఇచ్చినవి. అయితే నేల ఇచ్చేది రంగును మాత్రమే. ఎక్కడ ఆపాలో, ఎంత వెడల్పున పూయాలో, ఏ రంగు పక్కన ఏది నిలవాలో నిర్ణయించేది మనిషి. విమర్శకు పని ఆ నిర్ణయం దగ్గర మొదలవుతుంది.

3. శాస్త్రం చెప్పినది, చెప్పనిది:

గృహాలంకరణను శాస్త్రం పూర్తిగా విస్మరించిందనడం సరికాదు. వాత్స్యాయనుడి చతుష్షష్టి కళల పట్టికలో తండుల కుసుమ బలి వికారాలు, మణిభూమికా కర్మ చోటు చేసుకున్నాయి. మొదటిది బియ్యంతో, పూలతో ఆకృతులు తీర్చే విద్య. రెండవది నేలను రంగురాళ్ళతో దిద్దే విద్య. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఇంటి గోడల మీద శృంగార, హాస్య, శాంత రసాలను పోషించే చిత్రాలే తగినవని, మిగిలిన రసాలకు దేవాలయం, రాజసభ అనువైనవని విభజించింది. ఇంటికి ఒక ప్రత్యేక రసప్రకృతి ఉంటుందన్న గుర్తింపు ఈ విభజనలో ఉంది.

ఈ ప్రాంతానికి మరింత దగ్గరి ఆధారం ‘మానసోల్లాసం’. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రచించిన ఈ గ్రంథానికే అభిలషితార్థ చింతామణి అని మరో పేరు. ఆయన రాజధాని కల్యాణి నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. చిత్రభేదాలను చెబుతూ సోమేశ్వరుడు ధూళిచిత్రాన్ని కూడా పేర్కొన్నాడు. రంగుపొడులతో నేల మీద తీర్చే చిత్రం చిత్రకళలో ఒక భేదమని తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఒక రాజు అంగీకరించాడు. ఆధునిక కళాచరిత్ర దాన్ని ఆచారాల అధ్యాయానికి బదిలీ చేసింది.

అలంకార శబ్దవ్యుత్పత్తి కూడా ఇక్కడ ఉపకరిస్తుంది. ‘అలం’ అంటే చాలినంత. కొరతగా ఉన్నదాన్ని చాలినంతగా చేయడం అలంకారం. ఆనంద కుమారస్వామి 1939లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ అర్థాన్ని వివరిస్తూ, అలంకారం మొదట వస్తువు తన పనికి సిద్ధం కావడానికి అవసరమైనదిగా ఉండేదని, అది అదనపు సొగసుగా మారడం తరువాతి పరిణామమని వాదించాడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఐరోపా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ అలంకరణను వృథాశ్రమగా, నేరంగా నిందించినప్పుడు అతని మనసులో ఉన్నది ఈ రెండవ రకపు అలంకరణే. జాజు అంచుకు అతని విమర్శ వర్తించదు. అది గోడను వాన నుంచి కాపాడుతూనే గోడకు రూపాన్నిస్తుంది.

పదకొండవ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడి ఔచిత్య సిద్ధాంతం ఈ కళకు మరింత సహజంగా అమరుతుంది. ఒడ్డాణాన్ని మెడలో, హారాన్ని నడుముకు ధరిస్తే నవ్వులపాలవుతారని అతడు దేహాలంకరణ నుంచే ఉదాహరణ తీసుకున్నాడు. గడపకు పసుపు, ద్వారబంధానికి మామిడి తోరణం, వాకిట్లో ముగ్గు, గోడ అడుగున జాజు: ఒక్కొక్క అలంకారానికి ఒక్కొక్క స్థానం. స్థానం మారితే అర్థం మారుతుంది. మరణం సంభవించిన ఇంట్లో ముగ్గు వేయరు. అంటే ముగ్గు లేకపోవడం కూడా ఒక వాక్యమే. లేమి సైతం అర్థాన్నిచ్చే వ్యవస్థను సంకేతవ్యవస్థగా పరిగణించక తప్పదు.

అయితే శాస్త్రం చాలని చోటు ఒకటి ఉంది. చిత్రసూత్రమైనా, మానసోల్లాసమైనా సహృదయుడిని ఊహించాయి. ఆ సహృదయుడు నాగరకుడో, రాజో. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చే స్త్రీ ఆ గ్రంథాలకు పాఠకురాలు కాదు. కళను చెప్పిన శాస్త్రం కర్త్రిని చెప్పలేదు.

4. ముగ్గు – నియమంలో వైయక్తిక శైలి:

సంప్రదాయ కళల్లో వైయక్తిక శైలి ఉండదన్నది తరచుగా వినిపించే అభిప్రాయం. ముగ్గును పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. చుక్కల ముగ్గుకు నియమం కచ్చితమైనది. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, సరిచుక్కలా మధ్యచుక్కలా అన్నది ముందే నిర్ణయమవుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా చుట్టి, ఎక్కడా తెగకుండా బయలుదేరిన చోటికి చేరాలి. 1970వ దశకంలో మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి తదితరులు తమిళనాడు కోలాల ఆధారంగా చిత్రవ్యాకరణాలను రూపొందించి, వాటిని కంప్యూటరు శాస్త్రంలో చర్చనీయాంశం చేశారు. ముగ్గు వెనుక వ్యాకరణం ఉందని గణితం అంగీకరించింది.

వ్యాకరణం ఉన్నంత మాత్రాన అందరూ ఒకే వాక్యం రాయరు. ఛందస్సు ఒకటే అయినా ఒక కవి సీసం మరో కవి సీసంలా నడవదు. అట్లాగే చూపుడువేలు, బొటనవేలి సందు నుంచి జారే పిండి మందం, మలుపు దగ్గర చేయి తీసుకునే వేగం, రెండు గీతల మధ్య వదిలే ఖాళీ ఒక్కో స్త్రీకి ఒక్కో రకంగా ఉంటాయి. వాకిలి చూసి ఎవరు వేసిన ముగ్గో చెప్పగలిగే ఇరుగుపొరుగు ప్రతి వాడలోనూ ఉంటారు. సంతకం లేని కళలో సంతకం ఈ చేతివాటమే. దాన్ని గుర్తించగల ఇరుగుపొరుగు ఈ కళకు అసలైన సహృదయులు, తొలి విమర్శకులు.

ముగ్గుకు సానుపు చల్లిన మట్టినేల ఆధారం. తడిసిన నేల పిండిని పట్టి నిలుపుతుంది. ఎండ, నడక, గాలి సాయంత్రానికి దాన్ని చెరిపేస్తాయి. మరునాడు మళ్ళీ కొత్త ముగ్గు. చెరిగిపోవడం ఈ కళకు లోపంగా కనిపించవచ్చు గానీ, రోజూ కొత్తగా ఆలోచించే అవకాశాన్ని ఇచ్చేది కూడా ఆ చెరిగిపోవడమే. బతుకమ్మలోనూ ఇదే తత్త్వం ఉంది. తెల్లని గునుగుపూలకు రంగులద్ది, తంగేడు పసుపు పక్కన వరుసలుగా పేర్చి, ఎంతో శ్రమతో నిలిపిన ఆ వర్ణశిల్పాన్ని ఆ సాయంత్రమే నీటికి అప్పగిస్తారు.

ఇంటి లోపల సృజనకు మరో చోటు బండ అర. గోడలో దూర్చిన బండల మీద ఇత్తడి, స్టీలు పాత్రలను పరిమాణక్రమంలో, తోమిన మెరుపు కనబడేటట్లు పేర్చడం ఈ నేలలోని అనేక ఇళ్ళలో కనిపిస్తుంది. నీలిబండ మసక వర్ణం మీద ఇత్తడి పసుపు ప్రస్ఫుటమవుతుంది. పక్కనే దేవుడి పటాలు, పెళ్ళిఫోటో, పాత క్యాలెండరు. దిగూట్లో దీపం. కొన్న వస్తువులు తక్కువగా ఉన్న ఇంట్లో అమరికే అలంకారం. వైయక్తిక శైలికి ధనం అనివార్యం కాదనడానికి ఈ అర ప్రత్యక్ష నిదర్శనం.

5. సామెతలు కట్టిన విలువ:

ఈ శ్రమను భాష ఎలా చూసిందో తెలుసుకోవడానికి సామెతలు మంచి ఆధారం. ‘ఇల్లలకగానే పండుగ కాదు’ అనే సామెతను తొందరపడే వారిని హెచ్చరించడానికి వాడతారు. అలకడం సన్నాహం, పండుగ వేరే ఉందన్నది దాని తాత్పర్యం. అలికే స్త్రీ వైపు నుంచి చూస్తే ఈ విభజన సందేహాస్పదమవుతుంది. ఇల్లు దులిపి, సున్నం వేసి, జాజు పూసి, ముగ్గు దిద్దే సరికి ఆమె పండుగలో సగం గడిచిపోతుంది. ఆమె సృజనకు చోటున్న సమయం అదే. దాన్ని ‘ఇంకా పండుగ కానిది’గా లెక్కించడం పండుగను భోగించేవారి దృష్టి.

‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అనే సామెత ఇంకా సంక్లిష్టమైనది. ఇంటి రూపానికి కర్త్రి ఇల్లాలే అని ఇది ఒప్పుకుంటుంది. ఆ విధంగా శాస్త్రం ఇవ్వని కర్తృత్వాన్ని సామెత ఇచ్చింది. ఇస్తూనే దాన్ని పరీక్షగా మార్చింది. కావ్యం బాగా లేకపోతే కావ్యాన్నే విమర్శిస్తారు. ఇల్లు బాగా లేకపోతే మనిషినే తప్పుపడతారు. గృహాలంకరణ విమర్శ జాగ్రత్తపడవలసిన స్థలం ఇది. కళను మెచ్చుకునే నెపంతో స్త్రీ మీద కొత్త బాధ్యతలు మోపే ప్రమాదం ఈ విషయంలో ఎప్పుడూ పొంచి ఉంటుంది.

6. కొత్త రంగులు, కొత్త తలాలు:

ఎనామిల్, ఎమల్షన్ రంగులు, విట్రిఫైడ్ టైల్స్, ప్లాస్టిక్ తోరణాలు, అంటించే ముగ్గు స్టిక్కర్లు గ్రామీణ గృహరూపాన్ని మార్చాయి. దీన్ని కేవలం పతనంగా చిత్రించడం సులభం. వాస్తవం అంత సరళం కాదు.

మొదట, పాత పద్ధతి వెనుక ఉన్న కష్టాన్ని మరువకూడదు. సున్నం చేతులను కాలుస్తుంది, కంట్లో పడితే ప్రమాదం. ఏటేటా సున్నం వేయడం, వారం వారం అలకడం జీతంలేని పని. ఐదారేళ్ళు నిలిచే రంగు ఆ పని నుంచి స్త్రీకి విడుదలనిచ్చింది. రెండవది, గులాబి, చిలకపచ్చ, నిమ్మపసుపు వంటి ముదురు రంగులను పట్టణ అభిరుచి ఎగతాళి చేస్తుంది. నేల ఇచ్చిన మూడు రంగుల పరిధిలో తరతరాలు గడిపిన ఇల్లు తొలిసారి రంగును ‘ఎంచుకున్న’ సందర్భం అది. ఆ ఎంపికలోని సంతోషాన్ని గుర్తించకుండా దాన్ని అనౌచిత్యమనడం అభిరుచి పేరిట సాగే వర్గవివక్ష. మూడవది, సిమెంటు పరాయి వస్తువేమీ కాదు. దానికీ ముడిసరుకు సున్నపురాయే. తాండూరు ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలసింది అందుకే. బండగా పరుచుకున్న రాయే పొడిగా మారి గోడ ఎక్కింది.

అయినా నష్టం లేదనలేము. ఆ నష్టాన్ని కచ్చితంగా పేర్కొనాలి. సున్నం గోడ తేమను వదిలే స్వభావం కలది. ఎనామిల్ పొర తేమను బంధిస్తుంది. మట్టిగోడ మీద, రాతిగోడ మీద వేసిన ఎనామిల్ కొన్నాళ్ళకు పొక్కులుగా లేస్తుంది. ఇది వస్తుగత అనౌచిత్యం. రెండవ నష్టం నిర్ణయాధికారానిది. సున్నం, జాజు, ముగ్గు విషయంలో తుది నిర్ణయం ఇంటి స్త్రీది. రంగుల డబ్బా కొనడం, మేస్త్రీని మాట్లాడటం సాధారణంగా పురుషుడి పరిధిలోకి వెళ్ళింది. శ్రమ నుంచి విడుదలైన స్త్రీ ఎంపిక నుంచి కూడా విడుదలయింది. మూడవ నష్టం భాషకు చెందినది. అలుకు, పూత, జాజు, సుద్ద, సానుపు, దిగూడు వంటి మాటలు వస్తువులతోపాటే వాడుక తప్పుతున్నాయి. రంగుల కంపెనీ పట్టికలోని పేర్లు ఏ నేలనూ గుర్తుచేయవు.

స్టిక్కరు ముగ్గు ఈ నష్టాలన్నింటినీ కలిపి చూపే ఉదాహరణ. అందులో ఆకృతి ఉంది, చేయి లేదు. సిమెంటు వాకిట్లో పెయింటుతో శాశ్వతంగా వేసుకునే ముగ్గు అట్లాంటిది కాదు. అది ఒకసారైనా ఒక మనిషి దిద్దినది. దాని పక్కనే పండుగనాడు పొడిముగ్గు కూడా వేస్తున్న వాకిళ్ళు ఉన్నాయి. సంప్రదాయం, సౌకర్యం ఒకదానినొకటి తోసివేయనక్కరలేదని అవి చూపుతున్నాయి.

రాయి తీసే చేతుల ప్రస్తావన లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. గనిలో పొరను విడదీసే కూలీ, పాలిషింగు యూనిట్లో రాతిదుమ్ము మధ్య పనిచేసే కార్మికుడు నగరాల ఇళ్ళకు నున్నని నేలను అందిస్తారు. నగరాల్లో ‘సహజమైన రాయి’ తిరిగి అభిరుచికి చిహ్నమవుతున్న కాలంలో, ఆ సహజత్వం వెనుక ఉన్న శ్రమను విస్మరించిన సౌందర్యచర్చ అసంపూర్ణం.

7. గుర్తింపు – దాని పరిమితి:

గోడ మీది కళను కాగితం మీదికి తెచ్చి కాపాడవచ్చు కదా అన్న ప్రశ్నకు మిథిల ఒక సమాధానం. 1934 బీహారు భూకంపంలో కూలిన ఇళ్ళ గోడల మీది చిత్రాలను ఆంగ్లేయ అధికారి ఆర్చర్ గమనించాడు. 1960వ దశకంలో కరువు నివారణ కార్యక్రమంలో భాగంగా ఆ స్త్రీలకు కాగితం అందింది. మధుబని ప్రపంచానికి తెలిసింది, చిత్రకారిణులకు పేరూ ఆదాయమూ వచ్చాయి. తెలంగాణలో చేర్యాల నకాశీ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. తాండూరు కందిపప్పుకు 2022లో లభించింది. గోడ మీది జాజుకు, వాకిట్లోని ముగ్గుకు అటువంటి గుర్తింపు ఎందుకు కష్టమో కూడా ఈ ఉదాహరణలే చెబుతాయి. అమ్మదగిన వస్తువుకు గుర్తింపు పత్రం ఇవ్వవచ్చు. ఇంటి నుంచి విడదీయలేని కళకు ఇవ్వలేము. కాగితం మీదికి వచ్చిన ముగ్గుకు వాకిలి ఉండదు, చూసి పోల్చుకునే పొరుగింటివారు ఉండరు. అందువల్ల ఈ కళకు కావలసింది అంగడి కన్నా ముందు నమోదు: ఏ వాడలో, ఎవరి చేతిలో, ఏ పేరుతో, ఏ క్రమంలో అలంకరణ సాగుతున్నదో కర్త్రుల అంగీకారంతో, వారి మాటల్లోనే భద్రపరచడం.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• దౌల్తాబాద్, తాండూరు ప్రాంత గృహాలంకరణలోని మూల వర్ణాలు స్థానిక భూస్వరూపం నుంచి పుట్టినవి. వాటి వినియోగంలోని స్థాననియమం ఔచిత్య సిద్ధాంతానికి లోకంలో దొరికే సమర్థమైన ఉదాహరణ.

• ముగ్గు, జాజు అంచు, బండ అరల అమరికలో వైయక్తిక శైలి స్పష్టంగా ఉంది. దాన్ని గుర్తించే సహృదయ సమాజమూ ఉంది. విమర్శ పరిభాషలో మాత్రమే దానికి చోటు లేదు.

• సామెతలు స్త్రీ కర్తృత్వాన్ని ఒప్పుకుంటూనే దాన్ని గుణపరీక్షగా మార్చాయి. విమర్శ ఆ పరీక్షను పునరావృతం చేయకూడదు.

• ఆధునిక సామగ్రి శ్రమను తగ్గించింది. దానితోపాటు ఎంపిక చేసే అధికారం కూడా స్త్రీ చేతి నుంచి జారిపోవడమే అసలు సమస్య. పాత రంగులు తిరిగి రావడం కన్నా, ఏ రంగైనా సరే నిర్ణయించే హక్కు ఆ ఇంట్లో పనిచేసే చేతికి దక్కడం ముఖ్యం.

అలంకారం అంటే చాలినంతగా చేయడమైతే, గోడకు రంగు వేసినంత మాత్రాన ఇల్లు చాలినంత కాదు. ఆ రంగు ఎవరి ఇష్టమో ఆ గోడ చెప్పగలిగినప్పుడు ఆవాసం అలంకృతమవుతుంది.